మహబూబ్ సాబ్ వెనక్కి తిప్పించిన బండి

అలమారా మీద ఏడాదంతా మూలుగుతున్న సూట్‌కేసు దించి జిప్పు లాగగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. బయట డిసెంబరు. అయినా జెద్దాలో ఏసీ ఆడుతూనే ఉంది. నేను మంచం అంచున కూర్చుని ఉన్ని టోపీలు ఒక్కొక్కటే దులుపుతున్నాను. ఈ వారం మా కుటుంబం, మా బావమరిది కుటుంబం కలిసి సౌదీకి ఉత్తరాన తబూక్ వైపు మంచు చూడటానికి వెళ్తున్నాం. పడకలు, వంటగది అన్నీ లోపలే ఉండే మోటార్‌హోమ్ ఒకటి, దాని వెనక తగిలించే ట్రెయిలర్ ఒకటి అద్దెకు తీసుకున్నాం. పొద్దున బండి వచ్చిన దగ్గర్నుంచీ నేను దాన్ని వదల్లేదు. టైరు టైరునీ తట్టి చూశాను. ట్రెయిలర్ కొక్కేనికి పెట్టిన పిన్ను పీకి, మళ్ళీ పెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ పీకాను. బాల్కనీలోంచి ఇదంతా చూసిన నా భార్య సుజాత, "మీకు మహబూబ్ సాబ్ పూనారు" అంది. 

మహబూబ్ సాబ్ నాకు బాసు. నేను ఇంతకుముందు జెద్దాకు ఉత్తరాన రాబిగ్‌లో ఒక ప్లాంటులో పనిచేశాను. అక్కడ సేఫ్టీ విభాగానికి ఆయనే పెద్ద. ప్రొద్దుటూరు మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. జేబులో ఎప్పుడూ ఒక టార్చి లైటు. పట్టపగలు కూడా దాన్ని వేసి పైపుల సందుల్లోకి తొంగిచూసేవారు. ఇంత ఎండలో టార్చి ఎందుకు సాబ్ అంటే, "ఎండలోనే నీడ ఎక్కువ నాయనా" అనేవారు. ఆయన భయపడని వస్తువు లేదు. నిచ్చెనంటే భయం, తడి నేలంటే భయం, కొత్తగా చేరిన ఇంజినీరంటే మరీ భయం.

ఆ కొత్త ఇంజినీరును నేనే. చేరిన మొదటి రోజు ఫోన్లో మాట్లాడుకుంటూ ఇనుప మెట్లు దిగుతున్నాను. కింద ఆయన నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నారు. నేను నమస్కారం పెట్టేలోపే, "శీనా అంటే నువ్వేనా? మళ్ళీ పైకి పో" అన్నారు. ఎందుకో తెలియక పైకి వెళ్ళాను. "ఇప్పుడు కమ్మీ పట్టుకుని దిగు." దిగాను. చుట్టూ పనివాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. కిందికి రాగానే భుజం తట్టి, "కమ్మీ పట్టుకుంటే చెయ్యి అరిగిపోదులే. పా, టీ తాగుదాం" అన్నారు. ఆ రోజు ఆయన్ని నేను మనసులో తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఇలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి మరీ నెత్తికెత్తుకున్నది నేనే. నేను చేరిన ఏడాది చలికాలం మా అమ్మ విజిట్ వీసా మీద రాజమండ్రి నుంచి వచ్చింది. అమ్మకు మక్కువంతా మంచు మీద. టీవీలో మంచు కొండలు కనబడితే పొయ్యి మీద పాలు పొంగినా లేచేది కాదు. సౌదీలో కూడా మంచు పడుతుందని సుజాత ఒక రోజు నోరు జారింది. అంతే, మర్నాటికల్లా అమ్మ రాజమండ్రిలో మా వీధిలోని ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, "మంచు చూడబోతున్నాను, ఫోటోలు పంపిస్తాను" అని చెప్పేసింది. ఇక వెనక్కి పోయే దారి లేదు. అమ్మ టికెట్టు తేదీ దగ్గరపడుతోంది. మోటార్‌హోమ్, ట్రెయిలర్ మాట్లాడి, ఒకే ఊపులో వెళ్ళి ఒకే ఊపులో వచ్చేలా పథకం వేసి, సెలవు కోసం ఆయన గదికి వెళ్ళాను. నా పథకం మొత్తం విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ట్రెయిలర్ ఎప్పుడన్నా లాగినావా?" లేదన్నాను. "చలిలో కొండదోవ ఎప్పుడన్నా ఎక్కినావా?" లేదన్నాను. "అయితే నేనూ వస్తా" అన్నారు. అప్పటికే మాతో వస్తానన్న వరంగల్ కుర్రాడు, నా సహోద్యోగి రమేశ్, ఈ మాట విని తల పట్టుకుని కూలబడ్డాడు.

ప్లాంటులో ఏ పెద్ద పనికైనా ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడటం ఆయన పద్ధతి. "బయల్దేరే ముందు ఒకసారి బయల్దేరి చూడల్ల" అన్నారు. కాబట్టి ఒక సాయంత్రం మేమందరం కాంపౌండు పార్కింగులో మోటార్‌హోమ్ ఎక్కి, స్వెటర్లు, టోపీలు, చేతి తొడుగులు అన్నీ వేసుకుని కూర్చున్నాం. రాబిగ్ ఉక్క మీకు తెలియదు. ఏది బిగుతో, ఏది చిరిగిందో ఇక్కడే తేలాలని ఆయన పట్టు. మా అమ్మాయికి ఇదేదో పెళ్ళి సందడిలా ఉంది. రమేశ్ మాత్రం చెమటలు కక్కుతూ, "సార్, చలి సంగతి తర్వాత, ముందు ఉడికి సచ్చేటట్టున్నం" అన్నాడు. పాకిస్తానీ వాచ్‌మన్ అద్దంలోంచి మమ్మల్ని చూసి, "సబ్ ఖైరియత్ హై?" అని క్షేమం అడిగి, మా వాలకం చూశాక జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. రమేశ్ ఒళ్ళోని బొగ్గుల కుంపటి మీద సాబ్ కన్ను పడింది. రాత్రుళ్ళు బండి లోపల వెచ్చగా ఉంటుందని వాడి ఆలోచన. దాన్ని లాక్కుని, "తలుపులేసుకుని బొగ్గులు పెట్టుకుంటే నిద్దట్లోనే పోతాం. పొయినామని మనకే తెలీదు. చలైతే ఇంకో దుప్పటి కప్పుకో" అని అక్కడికక్కడే వాచ్‌మన్‌కు ఇచ్చేశారు, ఆరుబయటే వాడమని నాలుగుసార్లు చెప్పి మరీ.

అసలు గొడవ ట్రెయిలర్ దగ్గర. దానికి తలుపు వెనక వైపు ఉంటుంది. అమ్మ సామాను సర్దే తీరు మీ అందరి ఇళ్ళలోనూ చూసే ఉంటారు. మొదట అక్కరలేనివన్నీ లోపలికి, చివర తిండి. దారిలో ఆకలేస్తే చేతికందాలి కదా. ఆ లెక్కన డేరాలు, పరుపులు లోపలికి పోయాయి. బియ్యం మూట, నీళ్ళ క్యాన్లు, ఊరగాయ జాడీలు, ఇడ్లీకి పిండి రుబ్బే గ్రైండరు తలుపు పక్కన కొలువుదీరాయి. మంచు కొండల్లో కూడా ఇడ్లీలు వేయాలని అమ్మ సంకల్పం. సాబ్ వచ్చి ట్రెయిలర్ కొక్కెం విప్పించి, దాని ముక్కును రెండు వేళ్ళతో పైకి లేపారు. అంత బండీ పూచికపుల్లలా లేచింది.

"చూడక్కా, ముక్కు గాల్లో తేలుతాంది. బరువంతా వెనకనే ఉంది. దోవలో ఇది తోకాడించిందనుకో, ముందు బండి గూడా ఊగుతాది. అప్పుడు స్టీరింగు శీనా చేతిలో ఉండదు, నీ గ్రైండరు చేతిలో ఉంటాది."

"మరి ఆకలేస్తే ఎవరు లోపలికి దూరతారు బాబూ? నా మోకాళ్ళ సంగతి మీకేం తెలుసు?"

"నేను దూరతా" అన్నారాయన.

అన్న మాట ప్రకారమే దూరారు. గ్రైండరు ఇంట్లోనే ఉండిపోయింది. మిగతా బరువులన్నీ ఇరుసుకు ముందు వైపు చేరాయి. దారి పొడవునా అమ్మకు మాగాయ కావాలనిపించినప్పుడల్లా మా సేఫ్టీ మేనేజరు డేరాల మధ్యలోంచి బోర్లాపడి పాకుతూ వెళ్ళి, జాడీ గుండెకు హత్తుకుని వెనక్కి పాకుతూ వచ్చేవారు. అమ్మకు మాగాయ అంత తరచుగా ఎందుకు కావాల్సివచ్చిందో నాకు అనుమానమే.

ఎర్ర సముద్రం పక్కన ఉత్తరానికి సాగుతుంటే ఆయన మమ్మల్ని నత్తనడక నడిపించారు. పొద్దు వాలకముందే ఎక్కడో ఒకచోట ఆపించేవారు. ఇంకా వెలుతురుంది కదా సాబ్ అంటే, "ఒంటెలకు లైట్లుండవు శీనా" అనేవారు. ఆగిన ప్రతిచోటా టైర్లు తాకి చూడాలి, ట్రెయిలర్ గొలుసులు చూడాలి, ఆపైన ప్లాంటులో అలారం మోగినప్పటిలా అందరూ వరసగా నంబరు చెప్పాలి. అమ్మ మాత్రం నంబరు చెప్పడానికి ఒప్పుకోలేదు. తన వంతు రాగానే, "ఉన్నాను, ఇంకా పోలేదు" అనేది. రమేశ్, "సార్, గిట్ల పోతే మనం చేరెటాల్లకు మంచు కరిగి వాగైతది" అని గొణిగేవాడు. వాడన్నదీ నిజమే. తబూక్ చేరేసరికి, తిరుగు ప్రయాణానికి పోను మా సెలవులో మిగిలింది ఒక్క రోజు. ఆ రోజు కొండ ఎక్కాలి, మర్నాడు పొద్దున్నే తిరుగు దారి పట్టాలి. లేకపోతే అమ్మ విమానం తప్పిపోతుంది, వీసా గడువు కూడా దాటిపోతుంది.

ఆ పొద్దున అమ్మ అందరికంటే ముందు లేచి, పట్టుచీర మీద నా జాకెట్టు తొడుక్కుని, తలకు మఫ్లరు చుట్టుకుని సిద్ధంగా కూర్చుంది. కొండదారి మొదట్లో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. ఎదురుగా కొండలు మబ్బులో మునిగిపోయి ఉన్నాయి. పైన మంచు పడుతోందని బంకు అతను చెప్పాడు. జీపుల నిండా కుర్రాళ్ళు పాటలు పెట్టుకుని, హారన్లు కొట్టుకుంటూ పైకి పోతున్నారు. మా ఫోన్లలో గాలివాన హెచ్చరికలు టింగు టింగుమంటున్నాయి. సాబ్ దిగి వెళ్ళి ట్రెయిలర్ పక్కన చాలాసేపు నిలబడ్డారు. గాలికి ఆయన చొక్కా ఉబ్బిపోయింది, ట్రెయిలర్ మీది పట్టా పటపటా కొట్టుకుంటోంది. వచ్చి కిటికీ అద్దం మీద తట్టారు.

"తిప్పు శీనా. పోయేది లేదు."

నేను నమ్మలేదు. "అందరూ వెళ్తున్నారు సాబ్."

"వాళ్ళు జీపుల్లో పోతాండారు, వాళ్ళకిది అలవాటు దోవ. మనది గాలికి ఊగే ఇల్లు."

"ట్రెయిలర్ ఈడ ఇడ్సిపెట్టి పోదాం సార్" అన్నాడు రమేశ్.

"పోదాం. మంచు మీద బండి నడిపినోడు మనలో ఎవడు? చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. అయినా నాకు కోపం నషాళానికంటింది. ఇన్ని రోజులు ఈయన చెప్పిన ప్రతి చాదస్తమూ భరించింది ఈ ఒక్క పూట కోసం. స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. వెనకనుంచి అమ్మ నెమ్మదిగా, "వీధి వీధంతా చెప్పి వచ్చానయ్యా. ఇప్పుడు వాళ్ళకి ఏమని చెప్పను?" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

సాబ్ కిటికీ దగ్గర్నుంచి అమ్మ వైపుకు వెళ్ళారు. "ప్రొద్దుటూరు మహబూబ్ గాడని ఒకడొచ్చినాడు, ఒట్టి పిరికోడు, వాడు పోనీలేదు అని చెప్పు అక్కా. నా పేరు చెప్పు. కొడుకు చూపీలేదని మాత్రం అనొద్దు."

అమ్మ తలకు చుట్టుకున్న మఫ్లరు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. నేను బండి తిప్పాను.

మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. మబ్బు విడిపోయి ఎండ కాసింది. కానీ అప్పటికి మళ్ళీ కొండ ఎక్కి పొద్దు వాలేలోపు దిగే వేళ లేదు. పైకి వెళ్ళినవాళ్ళు మంచు ముద్దలు విసురుకుంటున్న వీడియోలు ఫోన్లనిండా వచ్చిపడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. రమేశ్ ఒక వీడియో తెచ్చి ఆయన కళ్ళ ముందు పెట్టి, "చూడున్రి సార్, పోరగాండ్లు గూడ పోయిండ్రు" అన్నాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చివరిదాకా చూసి, "బాగుందే మంచు" అన్నారు. మేమందరం పగలబడి నవ్వాం, కొంత కసితోనే. "నవ్వుకోండి. నవ్వనీకి అందరూ ఉండారు గదా" అని ఆయనా మాతో కలిసి నవ్వారు. అన్నాల వేళ అమ్మ మొదటి ముద్ద ఆయన కంచంలోనే వేసి, "పిరికి తమ్ముడూ, ఇంకాస్త నెయ్యి వేసుకో" అంది.

తరవాత ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను. "సాబ్, ఎప్పుడో మీకేదో పెద్ద ప్రమాదం జరిగి ఉంటుంది, అవునా? అందుకేగా ఇంత భయం?" ఆయన నన్ను వింతగా చూశారు. "ఏమీ జరగలేదే. జరిగినంకనే భయపడల్లనా?" అన్నారు.

అమ్మ మంచు చూడకుండానే రాజమండ్రి వెళ్ళిపోయింది. ఆ తరవాత మోకాళ్ళు మొరాయించి మళ్ళీ రాలేదు, ఇక రాగలదన్న ఆశ కూడా లేదు. మంచు బొమ్మ ఎక్కడ కనబడినా నా గుండె ఇప్పటికీ చివుక్కుమంటుంది. సాబ్ ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే సౌదీ ఉద్యోగం పూర్తిగా వదిలేసి, ప్రొద్దుటూరు చేరారు. వీధి చివరి మసీదుకు స్కూటరు మీద వెళ్ళడానికి కూడా హెల్మెట్ పెట్టుకుంటారని, పిల్లలు వెంటపడి ఏడిపిస్తారని విన్నాను. ఆయన చేసినలాంటి పనే ఇప్పుడు జెద్దాలో నాది. ఏదైనా తేడాగా అనిపిస్తే పని ఆపించేస్తాను. ఆపమనడం కష్టం కాదు. ఆపాక మాడిన ముఖాల మధ్య నిలబడాలి, పైగా ఆ సాయంత్రం ఏమీ జరగకపోతే అందరి నవ్వులూ భరించాలి. అది నేను ఆయన్ని చూసే నేర్చుకున్నాను. ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

టోపీలు దులపడం అయ్యాక అమ్మకు ఫోన్ చేశాను, రేపు బయల్దేరుతున్నామని. మా బావమరిది పిల్లలు మంచు మంచని ఇల్లు పీకి పందిరేస్తున్నారని, ఫోన్లో అప్పుడే వాతావరణ హెచ్చరిక ఒకటి వచ్చిందని చెప్పాను. 

"ఒరేయ్, అక్కడ బాగోలేకపోతే తిప్పేసుకుని వచ్చెయ్. పిల్లలు ఏడిస్తే మా అమ్మ ఒట్టి పిరికిది, అది వెళ్ళొద్దంది అని చెప్పు. నా పేరు చెప్పు."

 "వద్దులే అమ్మా, నా పేరే చెప్తాను" అన్నాను.