గోడమీది పెద్దమ్మ

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో జనగామలో ఖాళీ గోడ అంటూ ఉండేది కాదు. ఇంటివాళ్లు రెండు రోజులు ఊరికి పోయి వచ్చేసరికి వాళ్ల ప్రహరీ మీద ఒక నినాదమో, ఒక పిడికిలో, నెత్తిన బోనం ఎత్తుకున్న ఆడమనిషో వెలిసేది. అందరూ ఆ గోడల పక్కనుంచే బజారుకు పోయేవాళ్లు, ఆగి చూసేవాళ్లు మాత్రం లేరు. ఆ చూసే పని నాకు పడింది. కొడకండ్ల నుంచి వచ్చి ఒక చిన్న పత్రికలో విలేకరిగా చేరి అప్పటికి రెండు నెలలు. (నేనెంత పెద్ద విలేకరిననుకునేదాన్నంటే, నల్లా దగ్గర నీళ్లు పట్టుకునేటప్పుడు కూడా చెవి వెనక పెన్ను ఉండేది.) మా పెద్దసారు ఒకరోజు పిలిచి, "వాడవాడ తిరుగు. గీ బొమ్మలు ఏస్తున్నది ఎవలో పట్టుకో. పేరు గావాలె, ఫొటో గావాలె. తెస్తె ఆదివారం పేజీ నీదే. తేకపోతె సోమవారం సంది మీ ఊర్లనే ఉండు" అన్నాడు.

మూడు రోజులు తిరిగాను. అన్నీ రాష్ట్రాన్ని తల్లిగా గీసిన బొమ్మలే. గిర్నిగడ్డలో మక్కకంకి పట్టుకున్న తల్లి. కుర్మవాడలో బోనమెత్తిన తల్లి. స్టేషన్ వెనక బతుకమ్మతో ఇంకో తల్లి. ఎవరు వేశారంటే ఒక్కరూ సూటిగా చెప్పరు. ఒకాయన "వానకు మొలిసింది" అన్నాడు. ఇంకొకామె "నువ్వు పోలీసోళ్ల మనిషివా?" అని నన్నే విచారించి, మా తాతది ఏ ఊరో దాకా కనుక్కుని, చివరికి "నాకేం ఎర్కలే బిడ్డా" అంది. టీ కొట్టు ఆయన తానే వేశానన్నాడు. బ్రష్ ఏ చేత్తో పట్టుకుంటావంటే తన రెండు చేతులూ మార్చి మార్చి చూసుకున్నాడు. నాకు తిక్క పుట్టింది. దానికి తోడు ఆ బొమ్మలన్నిటికీ ఒకటే ముఖం. ఎడమ కనుబొమ పైకి లేచి, గడ్డం పక్కన పుట్టుమచ్చ, ఇప్పుడే ఏదో అనబోతున్నట్టు బిగించిన పెదవులు. ఏ గోడ ముందు నిలబడినా నేనే ఏదో తప్పు చేసినట్టు అనిపించేది. ఆ ముఖాన్ని ఎక్కడో చూశాను, ఎక్కడో గుర్తు రాదు.

మూడో రోజు మధ్యాహ్నం విసిగిపోయి అద్దె గదికి తిరిగొచ్చి, చెప్పులు గడప మీదే విడిచాను. "ఏం పొల్లా, గడప మీద చెప్పులిడుస్తరా ఎవలన్న? పేపర్ల రాస్తవు, గీ మాత్రం ఎర్కలేదా?" అంటూ ఇంటి ఓనరు పెద్దమ్మ బయటికొచ్చింది. ఎడమ కనుబొమ పైకి లేచి ఉంది. గడ్డం పక్కన పుట్టుమచ్చ ఉంది. ఆమె భర్త, బస్టాండు దగ్గర దుకాణాలకు బోర్డులు రాసే పెద్దబాపు, వాకిట్లో కూర్చుని బ్రష్షులు కిరసనాయిల్లో కడుగుతున్నాడు. (రోజూ పొద్దున ఆ బ్రష్షులను దాటుకునే నేను ఊరంతా వెతకడానికి పోయేదాన్ని.)

అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. "పెద్దమ్మా, నీ బొమ్మ ఊరంత ఉన్నది!" అనేశాను.

పెద్దబాపు చేతిలో బ్రష్ ఆగిపోయింది. పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. "ఏందయ్యా, గోడల మీద నా మొకం గీసినవా?"

ఆయన బ్రష్‌ను గుడ్డతో తుడుస్తూ, "తల్లి అని గీయబోతె గదే మొకం వస్తున్నది. ముప్పై ఏండ్ల సంది గదే సూస్తున్న. నేనేం జేయాలె?" అన్నాడు.

"నన్ను అడిగినవా?"

"అడిగితె ఒద్దంటవు గద."

"ఊరోళ్లంత నా మొకం ముందట ఉమ్ముకుంట పోతుండ్రా? నడువ్ పొల్లా, అన్ని తుడిపిస్త" అని కొంగు దోపుకుని నన్ను ఆటో ఎక్కించింది. గిర్నిగడ్డలో "నా ముక్కు గింత లావుంటదా?" అని నన్ను గద్దించింది, నేనే గీసినట్టు. కుర్మవాడలో "గీ రంగు చీర నాకెప్పుడు కొన్నడు?" అంది. స్టేషన్ వెనక మాత్రం దగ్గరికి పోయి, బొమ్మ మీది దుమ్మును కొంగుతో తుడిచింది. అప్పుడైనా నాకు ఏదో తట్టాల్సింది. నాకు మాత్రం పొద్దు గూకకముందే ఫొటో కావాలన్న తొందర.

చివరిది సూర్యాపేట రోడ్డులో గోదాము గోడ. అన్నిటికంటే పెద్దది, మనిషంత బొమ్మ. కేసులవుతాయని భయపడి గోదాము సేటు సున్నం కొట్టమన్నాడట, ఇద్దరు కూలీలు పనిలో ఉన్నారు. నినాదం అప్పటికే పోయింది, సున్నం తల్లి పాదాల దాకా వచ్చింది. తుడిపిస్తానని బయల్దేరిన పెద్దమ్మ ఆటో ఆగకముందే దూకింది. "ఆపుండ్రి!"

"అవ్వా, జర జరుగు. సేటు చెప్పిండు."

"మీ సేటునే రమ్మను. గోడకెందుకు, వచ్చి నా మొకానికే ఏయమను సున్నం!"

వాళ్లలో పెద్దవాడు ఆమెను చూశాడు, గోడను చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు. "అరే, గామెనే గీమె!" అంటూ తెలియకుండానే చేతులు జోడించాడు. చేతిలో కుంచె ఉన్న సంగతి మరిచాడేమో, సున్నమంతా ఆయన ముఖం మీదే పడింది.

నేను కెమెరా తీశాను. పెద్దమ్మ గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడింది. "పెద్దమ్మా, జర పక్కకు జరుగు. బొమ్మ కనబడుతలేదు" అన్నాను.

"బొమ్మెందుకే, నేనున్న గద!"

నాలుగుసార్లు బతిమాలాను, ఆ హడావుడిలో ఒక్కసారి బటన్ కూడా నొక్కాను. జరిగితే సున్నం వేస్తారని ఆమె భయం, జరగకపోతే నా పేజీ పోతుందని నా ఏడుపు. కూలీలు విసుగొచ్చి బొమ్మను వదిలేసి చుట్టూ సున్నం కొట్టి పోయేసరికి కెమెరా బ్యాటరీ అయిపోయింది. తిరుగు దారిలో ఆమె ఒక్కటే మాట అంది. "ఆయన పేరు రాసినవనుకో, పోలీసోళ్లు పట్టుకపోతరు. సూడు మరి." రాయలేదు.

పేరూ లేదు, బొమ్మా లేదు. పెద్దసారు ఫొటో చూసి "గిది వార్తనా, పెండ్లి ఫొటోనా?" అన్నాడు. ఆదివారం లోపలి పేజీలో నాలుగు వరుసలు వచ్చాయి, ఫొటో కింద "గోడ వద్ద స్థానిక మహిళ" అని. ఉద్యోగం నిలిచింది (నా ప్రతిభ వల్ల కాదు, నా బదులు ఎవరూ దొరక్క). పెద్దమ్మ "నవ్వినప్పుడు తీయరాదా" అని వారం రోజులు సాధించింది. పెద్దబాపు తర్వాత వేసిన తల్లికి మాత్రం ముక్కు సన్నగా వచ్చింది.

రాష్ట్రం వచ్చింది. గోదాము కూల్చి ఫంక్షన్ హాలు కట్టారు. మిగిలిన గోడలు ఫ్లెక్సీల కిందికి పోయాయి. ఆ ఫొటో నా దగ్గర ఉంది. రెండు చేతులూ చాపిన పెద్దమ్మ, కనుబొమ లేచే ఉంది. కింది అంచున నా నీడ కూడా పడింది: ఒక చేత్తో కెమెరా, ఇంకో చెయ్యి గాల్లో "జరుగు, జరుగు" అంటూ. జీవితంలో తీసిన ఒకే ఒక్క మంచి ఫొటో తీస్తూ అంత చిరాకు పడుతున్న ఆ పిల్లను చూస్తే, ఇప్పటికీ నవ్వే వస్తుంది.