హార్మోనియంలో పిట్ట

ఈ రోజు మా ఊరి లంబాలైన్ పేటలో భజన జరుగుతుంటే హార్మోనియంలోంచి పిట్ట కూసింది. పిల్లలు పకపకా నవ్వారు. పాత హార్మోనియం పెట్టెల్లో అలా కూసే మీట ఒకటి ఉండేది, మన ఈడు వాళ్ళకు గుర్తుందా?

మా ఇంట్లోనూ ఉండేది. నాన్న చేపల వేట నుంచి రాగానే, నీచు వాసన పోయేలా చేతులు సబ్బుతో రుద్దుకుని, దేవుడి ముందు కూర్చుని మొదట ఆ మీటే నొక్కేవాడు. ఆ కూత వినబడితే నేనూ చెల్లీ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవాళ్ళం. నాన్న వచ్చాడని మాకదే గుర్తు.

ఒక తుఫానులో నాన్న పడవ తిరిగి రాలేదు. మనిషి కూడా దొరకలేదు. కర్మ చేసిన సాయంత్రం ఇంట్లో భజన పెట్టారు. వాయిస్తున్న మావయ్య చెయ్యి పొరపాటున ఆ మీటకు తగిలి పిట్ట కూసింది. వీధిలో ఉన్న చెల్లి లోపలికి పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా, నాన వచ్చీసినాడు! ఏడీ?”

“చుప్ బేటీ, ఇలా రా,” అంది పొరుగింటి హిందీ దీదీ.

“లేదు, దాక్కున్నాడు. పిట్ట కూసింది కదేటి!”

అది తలుపు వెనక, మంచం కింద వెతుకుతూనే ఉంది. భజన ఆగిపోయింది. అమ్మ లేచి, చీర కొంగు చింపి, కూత వచ్చే రంధ్రంలో కుక్కేసింది.

“ఇంక కూయదులే,” అంది.

ఈ రోజు కూత విని అందరూ నవ్వుతుంటే, నా పక్కన కూర్చున్న చెల్లి గుమ్మం వైపు తిరిగి చూసింది.