ఎన్నో పేజీలో ఉందమ్మా?

ఈ ఉదయం అట్ట ఊడిన పుస్తకానికి మైదా జిగురు రాస్తుంటే ఆ పుల్లటి వాసనకు కరుణమ్మ గారు గుర్తొచ్చారు. రేపల్లెలో మా లైబ్రేరియన్ ఆవిడ. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపడం నాకు నేర్పింది ఆవిడే. పోయిన నెల ఆవిడ చనిపోయినప్పుడు ఎవరో ఫొటో పెట్టి, ‘ఎప్పుడూ చెరగని చిరునవ్వు’ అని ఫోన్‌లో రాశారు. వందలమంది దండాలు పెట్టారు. ఆవిడ అంత తేలిగ్గా నవ్వే మనిషి కాదు. ఆవిడను ఎరగనివాళ్లకు ఆ ఫొటో ఒక్కటే మిగిలిపోకూడదని ఇది రాస్తున్నాను.

నేను పదో తరగతి తప్పి, రోజూ రైల్లో తెనాలి వెళ్లి ఒక షాపులో జాకెట్లు కుట్టేదాన్ని. సాయంత్రం రైలు దిగగానే లైబ్రరీకి వెళ్లేదాన్ని. పుస్తకం తిరిగిచ్చిన ప్రతిసారీ కరుణమ్మ గారు కళ్లజోడు పైనుంచి చూసి, అందులో ఏముందో చెప్పించుకునేవారు. చెప్పందే ఇంకో పుస్తకం చేతికొచ్చేది కాదు. అలా చెప్పీ చెప్పీ నాకు నాలుగు మాటలు వరసగా మాట్లాడటం వచ్చింది. బడిలో రానిది ఆవిడ బల్ల ముందు నిలబడి సంపాదించుకున్నాను.

ఫోన్ కొన్నాక రచయితలు అందులో దొరికారు. ఒకాయన రోజూ పొద్దున్నే కాలవ గట్టు ఫొటో పెట్టి తియ్యగా నాలుగు ముక్కలు రాసేవారు. నేను మెచ్చుకుంటే ‘థాంక్స్ అక్కా’ అన్నారు. ఇంకేముంది, ఆయన నవల తెప్పించమని లైబ్రరీ సూచనల పుస్తకంలో మూడుసార్లు రాశాను. తెప్పించారు. నేను నలభయ్యో పేజీ దాటలేకపోయాను.

“ఎలా ఉందమ్మా?” అన్నారు కరుణమ్మ గారు.

“చాలా మంచి మనిషండి.”

“మనిషి సంగతి అడగలేదు. ఆ మంచి ఎన్నో పేజీలో ఉందమ్మా?”

నేను పుస్తకం ఆవిడ ముందుకు జరిపాను. “అడిగినదానివి నువ్వేగా, చివరిదాకా చదివి తీసుకురా,” అని పుస్తకం నా సంచిలోనే పెట్టేశారు.

రెండోసారి జరిగింది మాత్రం నవ్వుకునే సంగతి కాదు. బాపట్లలో పాఠకుల సభకు, ఇంకో రచయిత నవల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడటం అదే మొదలు. కృష్ణ రేవులో పడవ నడిపే, అక్షరం రాని ఒక ఆడమనిషి కథ అది. రెండుసార్లు చదివాను. సభకు నాలుగు రోజుల ముందు ఆ రచయిత ఫోన్‌లో ఒక పోస్టు పెట్టారు, కాలేజీ గడప తొక్కనివాళ్లు కూడా తన పుస్తకాల మీద తీర్పులు చెబుతున్నారని. కింద అన్నీ నవ్వు బొమ్మలే. నన్నే అన్నట్టు ఒళ్లు మండిపోయింది. నవల తీసుకెళ్లి బల్ల మీద పడేశాను.

“నేను వెళ్లనండి. ఈయన పుస్తకం గురించి నేను మాట్లాడేదేంటి?”

కరుణమ్మ గారు పోస్టు రెండుసార్లు చదివారు. “పొగరు మాటే. ఇది నవల్లో ఎక్కడైనా ఉందా?”

“లేదండి. అందులో ఆ పడవ మనిషిని ఎంత గౌరవంగా రాశారో. అందుకేగా ఇంత బాధ.”

“ఆ మాటే వెళ్లి చెప్పు. నువ్వు మానేస్తే ఆయన అన్నదే నిజమవుద్ది.”

బస్సులో నాతోపాటు ఆవిడా వచ్చారు. రచయిత ముందు వరసలోనే కూర్చున్నారు. పడవ మనిషి గురించిన భాగాలు ఎందుకు గొప్పవో చెప్పాను. చివరి భాగం ఎక్కడ తడబడిందో పేజీ నంబర్లతో సహా చెప్పాను. ఆఖర్న, “ఆవిణ్ణి ఇంత బాగా రాసిన చెయ్యి మొన్నటి పోస్టు ఎలా రాసిందో నాకు అర్థం కాలేదండి,” అని దిగిపోయాను.

టీల దగ్గర ఆయన నా వైపు వచ్చారు. “ఎంతవరకు చదువుకున్నారమ్మా?”

“పదో తరగతి తప్పానండి. రేపల్లె లైబ్రరీలో నాలుగో బీరువా దాకా వచ్చాను.”

ఆయన జేబులోంచి కాగితం తీసి, చివరి భాగం పేజీ నంబర్లు మళ్లీ చెప్పించుకుని రాసుకున్నారు. తిరుగు బస్సులో కరుణమ్మ గారు, “రెండో అధ్యాయం సంగతి వదిలేశావు,” అన్నారు. అంతకుమించిన మెప్పు ఆవిడ దగ్గర ఎవరూ పొందలేదు.

ఇప్పటికీ ఫోన్‌లో ఎవరినైనా ఆకాశానికి ఎత్తబోయినా, తిట్టబోయినా నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం ఆవిడది.

సభకు సెలవిచ్చిన షాపు యజమాని సుభాషిణి అక్కకు, నన్ను నమ్మి పిలిచిన సాంబశివరావు మాస్టారికి, నా రైలు ఆలస్యమైన రోజుల్లో లైబ్రరీ తలుపు వెయ్యకుండా ఉంచిన అటెండర్ ఏసుదాసు అన్నకు కృతజ్ఞతలు. ఆ రచయితకు కూడా. ఆయన పేరు మాత్రం రాయను. రాస్తే మీరు ఆయన నవల కంటే ముందు ఫోన్ తీస్తారు.