బొటనవేలంత సందు

చేవెళ్లల సైకిల్ షాపు నడిపే ఆ పెద్దాయన దేన్నైనా బొటనవేలుతోనే కొలిచేటోడు.

నేను మొయినాబాద్ నుంచి సాఫ్ట్‌వేర్ కొలువుకు పోయేటోన్ని. ఆదివారాలు, పెడల్ ఆపితే చక్రం గూడ ఆగే ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ మీద ఫీట్లు నేర్చుకుంటుంటి. ముంగటి చక్రం లేపి హ్యాండిల్ గిర్రున తిప్పితే, టైరు ఫ్రేమ్ పైపుకు తాకి కిందపడుతుంటి. గదుమ పగిలి గడ్డం కింద కుట్లు కూడా పడ్డయి.

సైకిల్ ఆ పెద్దాయన షాపుకు తీస్కపోతే, టైరుకూ పైపుకూ నడుమ బొటనవేలు పెట్టిండు. "వేలు పట్టలే," అన్నడు. సన్న టైరు ఏసిండు. అయినా తాకింది. చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ముంగటికి వంచిండు. అయినా జర తాకింది.

"ఇడిచిపెట్టు బాపు," అన్న నేను.

"నువ్వు తిప్పుడు ఇడుస్తవా?" అన్నడు.

ఆఖరుకు ముంగట పిల్లల సైకిల్ చిన్న చక్రం బిగించిండు. సందుల వేలు పట్టింది. రోడ్డు మీదికి పోయి తిప్పిన. తాకలే! షాపు కాడ నిలబడ్డోళ్లందరు చప్పట్లు కొట్టిండ్రు.

గొంతుకూసొని ఉన్న ఆయన తలెత్తిండు.

"ఇంకోసారి తిప్పు బిడ్డా. సందునే చూసిన, నిన్ను చూడలే."