బూట్లు విప్పమనని వైద్య బోర్డు

1964 జూన్‌లో పత్రిక నన్ను వికారాబాద్ నుంచి తాండూరుకు మార్చింది. నాపరాళ్ల గనులు, కందుల మార్కెట్, రైల్వే స్టేషన్ నా పరిధి. చిన్న ఊళ్లో విలేకరికి జీతంలో లేని పని ఒకటి ఉండేది. ఇంగ్లీషులో వచ్చిన సర్కారు ఉత్తరాలు చదివి చెప్పడం. మరుసటి జనవరిలో బాలప్ప అలాంటి ఉత్తరమే పట్టుకొచ్చాడు.

బాలప్ప మాజీ సిపాయి. చైనా యుద్ధంలో మంచుకు కాళ్లు చచ్చుబడి, ఎడమకాలికి మూడు వేళ్లు, కుడికాలికి రెండు తీసేశారు. సైన్యం నుంచి పంపేటప్పుడు వైద్య బోర్డు అతని వైకల్యం ముప్పై శాతమని రాసింది, అదీ రెండేళ్లకే. గడువు ముగియగానే రీసర్వే బోర్డు మళ్లీ పరీక్షిస్తుంది. ఇరవై శాతం కంటే తగ్గిస్తే వైకల్య పింఛను ఆగిపోతుంది. బండలు మోయలేక, గనిలో కూర్చుని వాటి అంచులు చెక్కుతున్న బాలప్ప ఇల్లు నడిచేది ఆ పింఛనుతోనే.

కోసేసిన వేళ్లు రెండేళ్లలో మొలిచాయేమో చూడటానికి పిలుస్తున్నారన్నమాట. ఉత్తరం చదువుతుంటేనే నాకు ఒళ్లు మండింది. అయినా నియమం నియమమే కనుక విలేకరి పద్ధతిలో తయారీ మొదలుపెట్టాను. ఎంత దూరం నడిస్తే నొప్పి, ఎంతసేపు నిలబడగలడు, చలికాలంలో ఏమవుతుంది, ఏ పనులు మానేశాడు, అన్నీ అడిగి రాసుకున్నాను. ఆపరేషన్ కాగితాల నకళ్లు తేదీల వరుసలో పెట్టి కుట్టాను. ఆ తర్వాత అతని వాకిట్లోనే రిహార్సల్. నేను డాక్టరులా కూర్చుని ఎలా ఉన్నావని అడిగేవాణ్ణి. అతను మడమలు కలిపి నిటారుగా నిలబడి, "ఠీక్ హై సాబ్!" అనేవాడు.

అతని భార్య అనంతమ్మ బియ్యం చెరుగుతూ నవ్వింది. "అంత ఠీకుంటే గీ సారును ఎందుకు పరేషాన్ జేస్తున్నవ్? పో, పోయి బండలు మొయ్యి."

బాలప్ప చెప్పిన ప్రకారం, పల్టన్‌లో ఒంట్లో బాగా లేదన్నవాణ్ణి వెనక వదిలేసి దళం ముందుకు పోతుందట. తోటివాళ్లు పిరికివాడంటారట. అందుకని జ్వరమున్నా ఠీకే, పుండున్నా ఠీకే. నాలుగు సాయంత్రాలు కష్టపడితే "నొస్తున్నయి సాబ్" అనడం వచ్చింది. ప్రయాణానికి ముందు అతను పాత మిలిటరీ బూట్లకు పాలిష్ పట్టి, ఖాళీగా ఉండే ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కుకున్నాడు. శుభ్రంగా కనిపిస్తే అధికారులు గౌరవిస్తారని నేనే మెచ్చుకున్నాను. ఆ తప్పు నాది.

ఫిబ్రవరిలో వికారాబాద్ మీదుగా పోయే ప్యాసింజర్‌లో బోర్డు ముందుకు ఒక్కడే వెళ్లి వచ్చాడు. ఏప్రిల్‌లో ఫలితం తెలిసింది. పదిహేను శాతం. కారణాలు మూడు ముక్కల్లో ఉన్నాయి: ఫిర్యాదు లేదు, ఆధారం లేకుండా నడుస్తున్నాడు, పరిస్థితి మెరుగుపడింది. కింద బోర్డు అధ్యక్షుడివి, ఇద్దరు సభ్యులవి సంతకాలు.

లోపల ఏం జరిగిందని అడిగాను.

"మేజర్ సాబ్ వచ్చిండు. లేచి సెల్యూట్ కొట్టిన. శభాష్ జవాన్, ఠీక్ హో? అన్నడు."

"నువ్వేమన్నావు?"

అనంతమ్మ అందుకుంది. "ఇంకేమంటడు సారూ! నోట్లకెళ్లి ఇంకో మాట వస్తదా?"

బూట్లు విప్పమన్నారా అని అడిగాను.

"విప్పుమనలె. ఆ గోడ దాక నడువుమన్నరు. నడిచిన."

"ఎట్లా?"

"పరేడ్‌ల నడిచినట్టు."

"ఇంట్ల గోడ పట్టుకొని నడుస్తడు, గంత దూరం పోయి కవాతు జేసొచ్చిండు!" అంది అనంతమ్మ. ఈసారి నవ్వలేదు.

నాకు బాలప్ప మీద కోపం రాలేదు. అవతల ఉన్నది ముగ్గురు డాక్టర్లు. వేళ్లు తీసేసిన కాగితాలు వాళ్ల బల్ల మీదే ఉన్నాయి. బూటు లేసు విప్పించడానికి పట్టేది ఒక నిమిషం. ఆ నిమిషం ఖర్చు పెట్టకుండా, సిపాయికి వాళ్లే నేర్పిన మర్యాదను సాక్ష్యంగా తీసుకుని, అతని కూడు తీసేశారు. ఈ సంగతి వార్తగా రాసి పంపాను. సైన్యం మీద ఇప్పుడు ఇలాంటివి వద్దని పత్రిక డెస్కు తిప్పి పంపింది. ఆ కాగితం చింపేశాను.

మిగిలింది అప్పీలు. గడువులోగా దరఖాస్తు పంపాను. జూలైలో అప్పీలు బోర్డు పిలిచింది. ఈసారి తయారీ అనంతమ్మ చేతిలోకి తీసుకుంది.

"ఒట్టి కాళ్లతోని పో."

"ఆఫీసర్ ముందల ఒట్టి కాళ్లతోనా? నేనేమన్న అడుక్కతినేటోన్నా?"

"నీ బూట్లకున్నయి వేళ్లు, నీకు లేవు. వాళ్లు పింఛనిచ్చేది బూట్లకా?"

రెండు రోజులు ఇంట్లో ఇదే వాదన. చివరికి బూట్లు లేకుండానే రైలెక్కాడు. నేనూ వెంట వెళ్లాను. పరీక్ష గది బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు మూసిన కాసేపటికే తెరుచుకుంది.

తిరుగు రైలు వికారాబాద్ దాటింది. అప్పుడు బాలప్ప అన్నాడు. "ఆఫీసర్ ఒక్కసారి కిందికి చూసిండు సారూ. గంతే. సెల్యూట్ కొట్టనియ్యలే, కూసొమ్మన్నడు. నా జిందగీల ఆఫీసర్ ముందల గట్ల ఒట్టి కాళ్లతోని ఎన్నడు నిలవడలె."

సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. ముప్పై శాతం, ఈసారి జీవితాంతం. దాన్ని చదివించుకోవడానికి అనంతమ్మ వచ్చింది. బాలప్ప రాలేదు. తర్వాత నేను తాండూరులో ఉన్న మూడేళ్లలో బజారులో ఎదురైతే తల ఊపి పక్కకు తప్పుకునేవాడు. న్యాయం జరిగిందని నేను ఎవరితోనూ అనలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు కోర్టులు, విచారణ సంఘాలు, ప్రమాద నివేదికలు నా చేతుల మీదుగా పోయాయి. "ఫిర్యాదు లేదు" అన్న మాట ఎక్కడ కనిపించినా నేరుగా వార్తలోకి ఎక్కించలేదు. ఆ మనిషిని ఎవరు అడిగారు, ఏమని అడిగారు, అప్పుడు అతను కూర్చుని ఉన్నాడా నిలబడి ఉన్నాడా అని ముందు కనుక్కున్నాను. చాలాసార్లు అతను నిలబడే ఉన్నాడు.