వేరు కదపొద్దన్న పెద్దమ్మ

ఫోన్ వచ్చినప్పుడు నేను కామారెడ్డి బస్టాండులో ఉన్నాను. "అవ్వ పోయింది చెల్లె" అన్నాడు పెద్దమ్మ కొడుకు, మా అన్న. జ్వరంతో ఉన్న పెద్దమ్మను చూడ్డానికని ఎల్లారెడ్డి బస్సెక్కబోతున్నాను. అదే బస్సులో ఏడుస్తూ వెళ్ళాను.

మా పెద్దమ్మ పూలు పండించేది. బంతో చేమంతో కాదు, జిప్సీ. పెళ్ళి బొకేల్లో గులాబీల మధ్య ముగ్గుపిండి చల్లినట్టు కనిపిస్తాయే, ఆ సన్నటి తెల్లపూలు. 2009లో పది గుంటల్లో నాటింది. "దేవునికి పెట్టరు, తలల పెట్టరు, గివేం పూలు?" అని ఊరంతా నవ్వింది. ఆమె పట్టించుకోలేదు. నా పెళ్ళికి జడ నిండా అవే గుచ్చింది. పెళ్ళికూతుర్ని మర్చిపోయి అందరూ జడనే చూశారు! ఆ మురిపెం నాకింకా తీరలేదు.

ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉంటుందా మొక్క. మొదలంటా కోసినా చిగురేస్తుంది. వేరు మాత్రం కదిలిస్తే బతకదు. చెట్లకు నీళ్ళు తక్కువ పెట్టేది, మాటలు ఎక్కువ చెప్పేది పెద్దమ్మ.

సగం పూలు పచ్చివే మండపాలకు పంపేది. మిగతావి కట్టలు కట్టి, చీకటి గదిలో దూలానికి తలకిందులుగా వేలాడదీసి ఎండబెట్టేది. ఆ గదంటే నాకు భయం. ఆకు కదలని మధ్యాహ్నం కూడా కట్టలు మెల్లగా అటూ ఇటూ తిరిగేవి. "ఇవి సచ్చినయా పెద్దమ్మా?" అని అడిగానోసారి.

"సచ్చుడేంది బిడ్డా! ఆగినయ్, గంతే. వింటయి, జర మెల్లగ మాట్లాడు."

అన్నకు ఆ పూలు గిట్టవు. దున్నేసి చెరకు వేస్తానని ఒకటే పోరు. "నేను పోయినంక గూడ వేరు కదపకు కొడుకా" అని బతిమాలేది. అతను నవ్వేవాడే కానీ మాట ఇవ్వలేదు. శవం ఇంట్లో ఉండగానే ట్రాక్టరు మాట్లాడాడని తెలిసి నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పూలచేను గట్టు మీద విస్తరి వేసి, అన్నం, చేపల కూర వడ్డించాం. కాకి ముడితే పోయినవాళ్ళకు తృప్తి. ముట్టకపోతే కోరికేదో మిగిలినట్టు, అది తీరుస్తామని మాటివ్వాలి.

కాకి వచ్చింది. పూలకు నీడ కోసం కట్టిన వల గుంజ మీద వాలింది. విస్తరి వైపు చూడనైనా లేదు.

"నీ బర్రెను అమ్మను, అవ్వా" అన్నాడు అన్న. కాకి కదల్లేదు.

"నీ పేరు మీద ఊరందరికి బువ్వ పెడ్త." కదల్లేదు.

ఎండ ముదిరింది. ముసలమ్మలు గుసగుసలు మొదలుపెట్టారు. కాకి అన్ననే చూస్తోంది. అతని ముఖం పాలిపోయింది.

"వేరు కదపనవ్వా..." అన్నాడు చివరికి.

కాకి దిగింది. ఒక ముద్ద తిన్నది. ఎగిరిపోతుందనుకున్నాం. ఎగరలేదు, తాపీగా నడుచుకుంటూ పూలలోకి వెళ్ళింది. నల్లటి వీపు కాసేపు కనిపించింది, తర్వాత అంతా తెలుపే. పొద్దు వాలేదాకా గట్టు మీదే నిలబడ్డాం. అది బయటికి రావడం మాలో ఎవరూ చూడలేదు.