పాట వచ్చింది, మాట రాలేదు

ఆ ఆదివారం సాయంత్రం నా భార్య సుగుణ నిద్ర లేచి, కళ్లజోడు వైపు చూపిస్తూ "గిన్నె ఇటివ్వండి" అంది. నిద్ర మత్తులో పరాకు అనుకున్నాను. మజ్జిగ కలిపి ఇస్తే పెదవి కుడి మూల నుంచి చీర మీదికి కారిపోయింది. ఎండ దెబ్బేమో, బీపీ ఏమో, ఏమీ తోచలేదు. వీధి చివర ఉండే మా అమ్మాయి ప్రశాంతికి ఫోన్ చేశాను. అది వచ్చీ రాగానే "అమ్మా, ఒకసారి నవ్వు" అంది. సుగుణ నవ్వింది. సగం మొహమే నవ్వింది.

భవానీపురం నుంచి ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్లాం. సీటీ తీశారు, తర్వాత ఎంఆర్ఐ తీశారు. "చివరిసారి ఆవిడ బాగా మాట్లాడింది ఎప్పుడండీ?" అని న్యూరాలజీ డాక్టర్ గారు అడిగారు. పొద్దున చర్చిలో అన్నాను. "క్లాట్ కరిగించే ఇంజెక్షన్‌కి టైం దాటిపోయింది. మెదడులో లెఫ్ట్ సైడ్ స్ట్రోక్. కుడిచెయ్యి బలహీనపడింది, అది కోలుకుంటుంది. మాట సంగతి ఇప్పుడే చెప్పలేను. దీన్ని అఫేజియా అంటారు. ఆవిడకి అన్నీ అర్థమవుతాయి, మాట పైకి రాదు." మజ్జిగ సంగతి చెబితే, మింగడం కష్టమైన మనిషి నోట్లో ఏమీ పోయకూడదని కోప్పడ్డారు.

సుగుణ మాట ఎలాంటిదో చెబితే గానీ మీకు మా కష్టం తెలియదు. నేను పెళ్లితో చర్చికి వచ్చినవాణ్ణి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. నాకు ఇప్పటికీ ఏ కీర్తన ఏ రాగమో తెలియదు. ఆమె వాళ్లది తాతముత్తాతల నాటి క్రైస్తవ కుటుంబం. మా చర్చి స్త్రీల సమాజంలో ఒక ఆనవాయితీ ఉంది. కీర్తన ఎత్తుకునే ముందు, దాన్ని రాసినవారి గురించి సుగుణ నాలుగు మాటలు చెబుతుంది. పాటల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం, కింద రాసినవారి పేరు, అంతే ఉంటాయి. మిగతాదంతా ఆమె వాళ్ల నాయనమ్మ నోట విన్నదే. ఒకాయన మగ్గం నేస్తూ చరణాలు కట్టుకున్నాడట. ఇంకొకాయన బందరు కాలువలో ధాన్యం పడవ నడిపేవాడట. ఒక బడిపంతులు సాయంత్రం పూట పల్లెల్లో తంబూరా పట్టుకుని తిరుగుతూ, భజనలకు అలవాటుపడ్డ చెవులకు నచ్చేటట్టు ఆ వరసల్లోనే కొత్త పాటలు కట్టాడట. మిషనరీ దొరలు తెచ్చిన రాగాలు మన నోటికి తిరగవని ఆయన వాదన. ఇవన్నీ ఎక్కడా అచ్చు కాలేదు. ఆమె నోట తప్ప మరెక్కడా లేవు. ఇప్పుడా నోట్లో మిగిలింది "అది... అది..." అనే మాట ఒక్కటే.

వార్డులోకి మార్చాక స్త్రీల సమాజం వాళ్లు చూడటానికి వచ్చారు. మెల్లగా ఒక కీర్తన పాడారు. రెండో పాదానికి సుగుణ గొంతు కలిపింది. పల్లవి, చరణాలు అన్నీ, ఒక్క అక్షరం తప్పకుండా పాడింది. అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. పాట అవగానే, "సుగుణా, నీళ్లు కావాలా?" అని ఆశగా అడిగాను. "అది... అది..." అంది. ఇంత పాట పాడిన మనిషికి "కావాలి" అన్న మాట రాకపోవడమేమిటి?

డాక్టర్ గారిని అడిగాను. "పాటకి మెదడు కుడి వైపు సాయం ఉంటుందండీ. దెబ్బ ఎడమ వైపు తగిలింది. పాట వచ్చినంత మాత్రాన మాట వచ్చినట్టు కాదు. స్పీచ్ థెరపీ మాత్రం ఆపకండి" అన్నారు. తల ఊపాను గానీ, నిజం చెప్పొద్దూ, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చాక స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి రావడం మొదలుపెట్టింది. అరటిపండు, చెంచా, కుక్క బొమ్మలున్న కార్డులు చూపించి పేర్లు చెప్పమనేది. సుగుణ వాటిని విసురుగా పక్కకు నెట్టేది. ఈలోగా ఆమె పాట విన్నవాళ్లంతా స్వస్థత కలిగిందనే అన్నారు. "అన్ని చరణాలు పాడే మనిషికి కుక్క బొమ్మలెందుకండీ, అవమానం కాకపోతే" అన్నారు. నాకూ అదే సబబనిపించింది. ఏ డాక్టర్ కంటే ఆ పాటే పెద్ద సాక్ష్యమనిపించింది. థెరపీ మాన్పించేశాను. ప్రశాంతి వద్దని గొడవపడితే, "నీకు విశ్వాసం లేదు" అన్నాను. పాటలంటే ఓనమాలు తెలియని నేను అన్న మాట అది.

తర్వాత కృతజ్ఞతా కూడిక పెట్టాం. ఇంటి ముందు షామియానా, బిర్యానీ, అన్నీ. ప్రార్థన అయ్యాక మా పాస్టర్ అయ్యగారు, "సుగుణమ్మగారు ఇప్పుడు దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతారు" అని మైకు ఆమె చేతికిచ్చారు. ఆమె లేచి నిలబడింది. "నే... నే... అది..." అంది. మైకులో ఆ మాట వీధంతా వినబడింది. మళ్లీ ప్రయత్నించింది. అదే వచ్చింది. అప్పుడు కళ్లు మూసుకుని కీర్తన ఎత్తుకుంది. జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆమె మొహం చూశాను. ఆమె సంతోషంతో పాడటం లేదు. దాక్కోవడానికి ఇంకెక్కడా చోటులేక పాటలోకి వెళ్లిపోయింది. ఆ క్షణం నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

ఆ తర్వాత ఆమె పాడటం కూడా మానేసింది. అన్నం సగంలో లేచిపోయేది, గోడవైపు తిరిగి పడుకునేది. "పోస్ట్ స్ట్రోక్ డిప్రెషన్, చాలామందికి వస్తుంది" అని డాక్టర్ గారు మాత్రలు రాశారు. "థెరపీ ఎలా నడుస్తోంది?" అన్నారు. ఆ ప్రశ్నకు ప్రశాంతే జవాబు చెప్పింది.

థెరపిస్ట్ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి కార్డులు తీయలేదు. "మాటల్ని పాట వరసలో పెడదాం సార్. ఆంటీ ఎడమచేత్తో తాళం వేయాలి. మీరు కూడా అనాలి" అంది. అలా "నీ-ళ్లు కా-వా-లి" అన్నది కీర్తన వరసలో మా ఇంట్లో మోగింది. నా గొంతు విని సుగుణకే నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. పోనీలే, నా గార్దభస్వరం అందుకైనా పనికొచ్చిందనుకున్నాను. నెలల తరబడి రోజూ అదే పని. ఒక రోజు ముందుకు పోతే రెండు రోజులు వెనక్కి. నిన్న వచ్చిన మాట ఇవాళ ఎందుకు రాదో నాకు అర్థమయ్యేది కాదు.

స్త్రీల సమాజం ఒకసారి మా ఇంట్లోనే పెట్టుకున్నారు. పాట ఎత్తుకునే ముందు అందరూ అలవాటుగా సుగుణ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. పాస్టర్ గారి భార్య నన్ను చూసి, "మీరు విని ఉంటారుగా, మీరైనా చెప్పండి" అన్నారు.

విన్నమాట నిజమే, సగం సగం. లేచి చెప్పాను. "ఇది రాసినాయన నేతపనివాడు. బిడ్డ చనిపోతే, ఆ దుఃఖంలో మగ్గం దగ్గర కూర్చుని..."

"కాదు."

వెనక్కి తిరిగాను. తాళం లేదు, వరస లేదు. ఉత్త మాట. సుగుణ కుర్చీలో ముందుకు వంగి నావైపు కోపంగా చూస్తోంది.

"పడవ" అంది.

"పడవాయనా? సరే, పడవాయన బిడ్డ..."

"కాదు. అమ్మ."

"వాళ్లమ్మ పోయిందా?"

తల అడ్డంగా ఊపింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఎవరూ అందించలేదు, నేనూ అందించలేదు. అందించాలన్నా నాకేం తెలుసు? ఎడమచేత్తో మోకాలి మీద తాళం వేసుకుంటూ, మెల్లగా, సగం పాటగా, సగం మాటగా అంది: "అమ్మ... లో-ప-లికి... రా-ని-వ్వ-లేదు."

ఆమె ఒక్కో ముక్కా కూడదీసుకుని చెబితే అప్పుడు తెలిసింది. బాప్తిస్మం తీసుకున్నాడని తల్లి గడప తొక్కనివ్వకపోతే, ఆ రాత్రి కాలువలో కట్టేసిన పడవలో పడుకుని కట్టిన పాట అది. ఇన్నేళ్లు చావు ఇళ్లలో పాడుతుంటే విని, బిడ్డ కోసం రాసిందనే అనుకున్నాను.

ఇప్పుడు సుగుణ చిన్న చిన్న వాక్యాలు మాట్లాడుతుంది. అలిసిపోతే "అది... అది..." మళ్లీ వస్తుంది. పేర్లు తారుమారవుతాయి, నన్ను కొన్నిసార్లు మా బావమరిది పేరుతో పిలుస్తుంది. స్త్రీల సమాజంలో కథ నేను మొదలుపెడతాను, ఆమె సరిదిద్దుతుంది, ప్రశాంతి ఫోన్‌లో రికార్డు చేస్తుంది. బడిపంతులు ఏ ఊరివాడన్నది మాత్రం ఇంకా తేలలేదు. నేను డెల్టాలో నాకు తెలిసిన ఊళ్లన్నీ చెప్పాను. అన్నింటికీ "కాదు" అంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే నేను చెప్పేది ఒక్కటే. పాట విని మాట వచ్చేసిందనుకుని స్పీచ్ థెరపీ ఆపకండి. దేవుడు చేశాడని స్తోత్రం చెప్పుకోండి, నేనూ చెప్పుకుంటాను. కానీ మైకు ఇచ్చే ముందు, మనిషిని పక్కకు పిలిచి, దాహమేస్తోందా అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.